ఇది పూసేదాకా ఉంటా

మా ఆయన చెయ్యి పెడితే ఎండుపుల్ల కూడా చిగురేస్తుందని మా గుండ్లవాగులో పేరు. ఆ పేరు పుట్టించింది ఆయనే, ఊరంతా మోసుకు తిరిగేదీ ఆయనే. మా మామగారు గుంటూరు వైపు నుంచి బండ్లు కట్టుకుని ఈ అడవి అంచుకు వచ్చి నల్లరేగడి కొన్ననాటి నుంచి మా ఇంట్లో మిరపతోట తప్పిన ఏడాది లేదు. వెంకటప్పయ్య కాయ, అంటే తన కాయ, వచ్చిందంటే ఖమ్మం యార్డులో బేరగాళ్ళు లేచి నిలబడతారని మా ఆయన చెబుతాడు. నేనెప్పుడూ యార్డుకు పోలేదు కాబట్టి నమ్మాను. అంతటి మనిషి చేతిలో ఒక మొక్క చచ్చింది. ఒకే ఒక్కటి. అదీ చావకూడని మొక్క.

అది సిస్టరమ్మ మొక్క.

మా ఊరికీ, చుట్టూ ఉన్న తండాలకూ, కోయగూడేలకూ కలిపి మిషన్ వాళ్ళ దవాఖానా ఒకటుంది. రెండు గదులు, ఒక వసారా, ముందు పెద్ద ఇప్పచెట్టు. భద్రాచలం నుంచి డాక్టరు వారానికొకసారి వస్తాడు, అదీ బస్సు వస్తే. తక్కిన రోజులన్నీ సిస్టరమ్మే. ఆమె మలయాళం మనిషి. అసలు పేరు పలకబోయి మా నాలుకలు మడతపడుతుంటే, చూడలేక తనే "సిస్టరమ్మ అనుండ్రి, సాలు" అంది. తెలుగు తండా ఆడవాళ్ళ దగ్గర నేర్చింది. ఆ తెల్లచీరా, నెమ్మది నడకా చూసి ఎంత మెత్తగా మాట్లాడుతుందో అనుకున్న కొత్తవాళ్ళు, ఆమె నోరు తెరిచి "ఏంది గట్ల సూస్తవ్, ఇటు తిరుగు, సూది గుచ్చాలె" అనగానే అదిరిపడేవాళ్ళు.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు మా అమ్మాయి సుబ్బరత్నం తొలిచూలుకు మా ఇంటికొచ్చింది. నొప్పులు మొదలైన రోజునే వాగు ఎగదన్ని రోడ్డు మునిగింది. బస్సు లేదు, బండి కదలదు. మంత్రసాని కడుపు తడిమి చూసి, బిడ్డ కాళ్ళు ముందొస్తున్నాయి, నా వల్ల కాదని చేతులెత్తేసింది. ఆ పూట వాగు అవతల తండాలో ఉన్న సిస్టరమ్మ సంచి నెత్తిన పెట్టుకుని, ఆ తండా హేమ్లి చెయ్యి పట్టుకుని, మెడలోతు నీళ్ళలో వాగు దాటి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆ రోజు మొదలు మా సుబ్బరత్నం దేవుడిగూట్లో సిస్టరమ్మ పటం పెట్టలేదు గాని, పెట్టినంత పని చేసింది.

ఆ మనవరాలికి మూడేళ్ళు వచ్చేసరికి సుబ్బరత్నం మళ్ళీ నెల తప్పింది. ఖమ్మంలో పెద్ద పెద్ద దవాఖానాలున్నాయి, అక్కడ చూపిద్దామని మా అల్లుడు మొత్తుకున్నాడు. "సిస్టరమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నా మీద పడనియ్యను" అని ఇది మంకుపట్టు పట్టింది. మంకు తండ్రి పోలిక. నాకు మాత్రం లోలోపల అదే బాగనిపించింది. ఎందుకంటే ఆ వరద రోజు చూసిన తల్లిని నేను. నాకూ ఇంకెవరి మీదా నమ్మకం కుదరలేదు.

అదిగో, సరిగ్గా దానికి ఆరో నెల వచ్చినప్పుడే, శివరాత్రి ముందు, చెల్లెలి పెళ్ళికని సిస్టరమ్మ కేరళ ప్రయాణం కట్టింది. ఆమె అన్నలు దుబాయిలో ఉద్యోగం చూస్తున్నారని, ఈసారి పోతే తిరిగి రాదని ఊళ్ళో గుసగుసలు. నేను ఉండబట్టలేక అడుగుదామనుకుంటుండగా తనే మా ఇంటికొచ్చింది. చేతిలో కొబ్బరి డొప్ప, దానికి తీగలు కట్టి వేలాడదీసిన మొక్క. వేలెడు లావు కణుపుల కర్రలు, నున్నటి ఆకులు. తెల్లటి వేళ్ళు డొప్పలోంచి బయటికొచ్చి గాల్లో వేలాడుతున్నాయి. మట్టి అన్నది చిటికెడు కూడా లేదు.

"ఆర్కిడ్ అంటరు దీన్ని. మా అమ్మ ఇచ్చింది. ఊదారంగు పువ్వు పూస్తది" అంది. "దీనికి ఏం సెయ్యకు భారతమ్మా. మన్ను వద్దు, ఎరువొద్దు. నీడకు ఉంచి పొద్దుగాల ఇన్ని నీళ్ళు సల్లు. గంతే."

"మొక్క సంగతి సరే. నువ్వు తిరిగొస్తావా, రావా?"

సిస్టరమ్మ నవ్వింది. "మా అమ్మ మొక్కను ఈడ ఇడిసి పోతున్న. దాని కోసమన్న రానా?"

హేమ్లి ఆ మాట విన్నది. హేమ్లికి తండాలో ఎకరాలున్నాయి, ఎద్దులున్నాయి, అన్నిటికంటే పెద్దది నోరుంది. మా చేనూ వాళ్ళ చేనూ ఆనుకునే ఉంటాయి. గట్టు కోసం ఏడాదికోసారి కొట్లాడుకుంటాం, తక్కిన రోజులు ఒకరి కూర ఒకరు తింటాం. పొద్దుగూకేలోగా ఆమె నాలుగు తండాలకు చాటింది, సిస్టరమ్మ మొక్కను జామీను పెట్టి పోయిందని, మొక్క ఉన్నన్నాళ్ళు సిస్టరమ్మ మనదేనని. ఇంకేముంది, జనం మొక్కను చూడటానికి రావడం మొదలుపెట్టారు. ఎవరో డొప్పకు కుంకుమ బొట్టు కూడా పెట్టి పోయారు.

మా ఆయన ఆ మొక్క చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు.

"ఏందిది? పసిబిడ్డను పస్తు పెట్టినట్టు, మట్టి లేకుండా గాల్లో వేలాడదీశారు?"

"ఏం చెయ్యొద్దని చెప్పింది."

"ఏం చెయ్యకపోతే మొక్క ఎట్టా బతుకుద్ది?"

"నువ్వు ఏం చెయ్యకపోతేనే బతుకుద్ది" అన్నాను.

అన్నాను గాని, సుబ్బరత్నాన్ని తీసుకురావడానికి మధిర పోవాల్సి వచ్చింది. కూతురితో తిరిగొచ్చేసరికి వసారాలో పెద్ద కుండ. కుండ నిండా చెరువుమట్టి. అందులో చివికిన పేడ, వేపపిండి, గుప్పెడు డీఏపీ. నడుమ సిస్టరమ్మ మొక్క మెడదాకా పూడి ఉంది. మా ఆయన దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని కాపలా కూర్చున్నాడు, కోళ్ళు గీకకుండా. ఎండ ఎటు తిరిగితే అటు గొడుగు తిప్పుతున్నాడు. నా నోటికి ఎంత వస్తే అంతా అన్నాను. వీధివాళ్ళు తలుపులు తీశారు. "ఇప్పుడు పీకితే వేళ్ళు తెగుతాయే" అన్నాడాయన, ఎంతో ఓర్పు గలవాడిలా.

వారం తిరగకుండానే ఆకులు పసుపెక్కాయి. మా ఆయన బసవపున్నయ్యను పిలుచుకొచ్చాడు. మిరపతోటల్లో మా ఆయనకు పోటీ ఆయనొక్కడే. ఇద్దరూ ఒకరి చేలో ఒకరు కాలు పెట్టరు, అలాంటిది మొక్క కోసం ఆ రోషం కూడా దిగమింగాడు. బసవపున్నయ్య వెంట ఇంకా నలుగురు రైతులొచ్చారు. అందరూ కుండ చుట్టూ గొంతుక్కూర్చుని బొబ్బర తెగులని ఒకడు, ఎండు తెగులని ఒకడు, తెల్లదోమని ఒకడు. ఏ దోమా కనిపించలేదు గాని, ముందు జాగ్రత్తకని మందు కొట్టారు. ఆ పై నాలుగు రోజులకు కర్రలు ఉడికిన వంకాయల్లా మెత్తబడి ఒరిగిపోయాయి.

ఆ రోజు మా ఆయన అన్నం తినలేదు. ముడత తెగులుకు తోటంతా పోయిన ఏడు కూడా ఈయన అన్నం మానలేదు. కుండ ముందేసుకుని తలగుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకు తిట్టబుద్ధి కాలేదు. తెల్లారాక ఆ బాకీ కూడా కలిపి తిట్టాను. లోపల మాత్రం నాకు ఒకటే దడ. సుబ్బరత్నానికి ఏడో నెల. మొక్క కోసం వస్తానన్న మనిషి, మొక్క లేదని తెలిస్తే ఎందుకొస్తుంది?

ఇప్పపువ్వు రాలే రోజులవి. ఎగతెల్లవారి బుట్టలతో అడవికి పోయే హేమ్లి, మా ఇంటి ముందు ఆగి కుండలోకి తొంగి చూసింది.

"గిసొంటిది మా తండ ఎనకాల అడవిల మస్తుగున్నది అక్కా. చెట్ల మీద కూసుంటది, దానికి మన్ను లేదు ఏం లేదు. అచ్చం గిదే. తెచ్చిస్త, డొప్పల పెట్టు. సిస్టరమ్మకు ఎట్ల ఎరుకైతది?"

మర్నాడు పడిపోయిన ఇప్పకొమ్మ మీద నుంచి ఒకటి తెచ్చింది. మందపాటి ఆకులు దువ్వెన పళ్ళలాగా రెండు పక్కలా పేర్చి ఉన్నాయి.

"కర్రలేవే దీనికి?"

"ఎండకు లోపటికి పోయినయ్ అక్కా."

ఆ తర్వాత తాటిమట్టల సందులోంచి ఇంకోటి లాక్కొచ్చింది, బారెడు బారెడు ఆకులు, అదొక పొద. "అచ్చం గిదే" అంది. ఆ తర్వాతది పెన్సిళ్ళలాగా గుండ్రటి ఆకులది. దాన్నీ "అచ్చం గిదే" అంది. ఇంకోదానికి ఆకు కొసలు ఎలుక కొరికినట్టున్నాయి. అది కూడా అచ్చం అదే. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నట్టు, అడవిలో ఉన్న రకాలే తెలియనిదాన్ని నమ్ముకుని కేరళ మొక్కకు కవల కావాలని కూర్చున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇది కాదని చివరికి నేనే కొంగు దోపి ఆమె వెంట పోయాను. అడవి అంచున ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. కట్టెలకు పోతే చెట్టు మొదట్లో చూస్తాను, ఇప్పపువ్వుకు పోతే నేల మీద చూస్తాను. తలెత్తి చూసే పని నాకెప్పుడూ పడలేదు. ఆ రోజు మెడ పట్టేదాకా చూశాను. తునికి మీద, మద్ది మీద, నల్లమద్ది మీద, ఎన్ని రకాల జీవులు కూర్చుని ఉన్నాయో. ఒకటి వేళ్ళు వేలాడేసి, ఒకటి కొమ్మను కావలించుకుని, ఒకటి బెరడు పగుళ్ళలో దాక్కుని. వాగు ఒడ్డున ఒరిగిన చెట్టు మీద ఆకు లేని ఎండు కర్రలు దొరికాయి. లావూ పొడుగూ సిస్టరమ్మ మొక్కకు దగ్గరగా ఉన్నాయి. అది డొప్పలో పెట్టాం, ఎండకు ఆకు రాల్చిందని చెబుదామని.

తక్కిన వాటిని పారెయ్యబుద్ధి కాలేదు. మా ఇంట్లో ఉంచితే మా ఆయన వాటికి భోజనం పెడతాడు. అందుకని దవాఖానా ముందున్న ఇప్పచెట్టుకు పాత చీర పీలికలతో కట్టేశాం.

శ్రీరామనవమి జనం తగ్గాక, మధ్యాహ్నం బస్సులో సిస్టరమ్మ దిగింది. దిగడం చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆమె చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు, పోయేటప్పుడు వెంట తీసుకుపోయిన ట్రంకుపెట్టె లేదు. అది చూడగానే లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది.

"దుబాయి ఖాయమైంది భారతమ్మా" అంది, కళ్ళు ఎటో పెట్టి. "అన్నలు అన్నీ మాట్లాడేసిండ్రు. తాళాలు అప్పజెప్పి వారంల పోవాలె. మొక్కను తీస్కపోదామని వచ్చిన."

అంటే మొక్క తన మాట నిలబెట్టుకుంది. మనిషిని రప్పించింది. తనను తీసుకుపోవడానికి రప్పించింది.

ఇంటికి పోయి డొప్ప తెచ్చి దవాఖానా ముందు ఇచ్చాను, వెనకే మా ఆయనా హేమ్లీ వచ్చారు. సిస్టరమ్మ కర్రను వేలితో రాసి చూసింది. "ఇది నాది కాదు గద."

నేను తయారుచేసి ఉంచుకున్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మా ఆయన నన్ను పక్కకు జరిపి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"నేనే చంపానమ్మా" అన్నాడు. అక్కడితో ఆగుతాడా? చెరువుమట్టి ఏ వైపు నుంచి తవ్వి తెచ్చాడో చెప్పాడు. పేడ మూడేళ్ళు చివికిందని చెప్పాడు. వేపపిండి జల్లెడ పట్టానన్నాడు. గొడుగు సంగతి, కోళ్ళ సంగతి, బసవపున్నయ్య ఇంటి గడప తొక్కిన సంగతి చెప్పాడు. మొక్కలకు పాటలు ఇష్టమని ఎవరో అంటే సాయంత్రాలు కుండ పక్కన రేడియో పెట్టానన్నాడు. అది నాకే తెలియదు. వ్యవసాయ కార్యక్రమం వినడానికి పెట్టుకున్నాడనుకున్నాను.

సిస్టరమ్మ అటు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. ఇటు తిరిగితే నవ్వు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది.

"మిరపతోటకు గూడ ఇంత సెయ్యవు గద పెద్దయ్యా."

"చెయ్యనమ్మా" అన్నాడాయన నిజాయితీగా.

అప్పుడు ఆమె చూపు ఇప్పచెట్టు మీద పడింది. రంగురంగుల పీలికలు, ఒక్కో పీలిక కింద ఒక్కో మొక్క. "ఇవన్నీ ఏంది?"

"అన్నీ నీదే అనుకొని తెచ్చినం" అంది హేమ్లి ఏ మాత్రం సిగ్గు పడకుండా.

సిస్టరమ్మ చెట్టు చుట్టూ తిరిగింది. మా పీలికలు చూసి, ఇట్లా బిగిస్తే ఊపిరెట్లాడుతుందని తిట్టింది. లోపల్నుంచి గాజుగుడ్డ తెచ్చి అన్నిటికీ వదులుగా కట్లు కట్టింది. చెట్టు మీదనే ఒక వార్డు తెరిచినట్టైంది. దువ్వెన ఆకుల దాని పక్కనుంచి సన్నటి కాడ బయటికొచ్చి ఉంది, దాని నిండా మొగ్గలు.

"ఇదేం పువ్వు?"

మాకెవరికీ తెలియదు. తినేది కాదు, అమ్మేది కాదు, జడలో పెట్టేది కాదు, ఎవరు చూశారు?

సిస్టరమ్మ మొగ్గల్ని చాలాసేపు చూసింది. "సరే, ఇది పూసేదాకా ఉంటా."

వారం పోయాక పూసింది. బూడిద రంగు మీద గోధుమ గళ్ళు, అచ్చం మా ఆయన లుంగీ. నడుమ మాత్రం నీలం నాలుక. మధ్యాహ్నం ఎండలో దాని వాసనకు దవాఖానా మందుల వాసన కూడా తగ్గింది. సిస్టరమ్మ రోగుల్ని వసారాలో కూర్చోబెట్టి దాన్నే చూసింది. మర్నాడు సంచి సర్దటం మొదలుపెట్టింది. నేను చెట్టు దగ్గరికి పరుగెత్తి ఒక్కో మొక్కా వెతికాను. ఎలుక కొరికిన ఆకుల దాని మొదట్లో పచ్చటి మొలక ఒకటి తల ఎత్తుతోంది.

"ఇదేదో కూడా మొగ్గేసేట్టుంది సిస్టరమ్మా" అన్నాను, పట్టనట్టు.

ఆమె వచ్చి చూసింది. నా వైపు చూసింది. "గట్లనా? సరే, ఇది గూడ సూసి పోత."

ఇక అది మొదలు నా పని అదే. వంట సుబ్బరత్నానికి వదిలేసి, హేమ్లీ నేనూ అడవి పట్టాం. ఒకటి విచ్చేలోగా మొగ్గ మీదున్న ఇంకోటి చెట్టెక్కాలి, అది మా లెక్క. నిలబడ్డ చెట్టు మీదివి పీకొద్దని, పడ్డ కొమ్మల మీదివే తేవాలని సిస్టరమ్మ గట్టిగా చెప్పింది. దాంతో పని ఇంకా కష్టమైంది. ఎక్కడ గాలికి చెట్టు పడినా, రోడ్డు వెడల్పుకని కొట్టినా మాకు కబురొచ్చేది.

ఎలుక కొరికిన ఆకులది తెల్లటి నక్కతోకను కిందికి వేలాడేసింది. దగ్గరికి పోతే తోకంతా చిన్న చిన్న పువ్వులు, వాటి మీద గులాబి చుక్కలు. అది నిండుగా విచ్చిన రోజున పొద్దున్నే సుబ్బరత్నానికి నొప్పులొచ్చాయి. దవాఖానా వసారాలో కూర్చుని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, తెలియని ఆ తోకకు కూడా మొక్కాను. అన్నాల వేళకు మనవడు పుట్టాడు. ఈసారి బుద్ధిగా తలతోనే వచ్చాడు. సిస్టరమ్మ చేతులు కడుక్కుని బయటికొచ్చి, "మగపిల్లగాడు. ఛాయ్ పెట్టు" అంది. ఛాయ్ గ్లాసు పట్టుకుని నక్కతోక కింద కూర్చుంది. ఆమె పాదాల దగ్గర కూర్చుని నేను హాయిగా ఏడ్చాను.

నిజానికి అక్కడితో నా అవసరం తీరింది. కూతురి పురుడు గడిచింది, ఇక ఆమె ఎక్కడికి పోతే నాకేం? అలా అనుకుని చూశాను. నా కాళ్ళు మాత్రం ఊరుకోలేదు. మర్నాడు మళ్ళీ హేమ్లి ఇంటి ముందున్నాను.

తొలకరికి, డొప్పలో పెట్టిన ఎండు కర్రలు ఒంటి నిండా పూశాయి. పలచటి పువ్వులు, లోపల ఊదా గీతలు. "ఇది నా మొక్కకు పిన్ని బిడ్డ" అని సిస్టరమ్మ దాన్ని తన కిటికీకి మార్చుకుంది. వానలు ముదిరాక నేలలోంచే పూసేవి వచ్చాయి. కొన్ని రకాలు చెట్టెక్కవట, మట్టిలోనే ఉంటాయట, అది విని మా ఆయన కళ్ళు మెరిశాయి, నేను ఒక్క చూపు చూస్తే ఆరిపోయాయి. ఒకటి కాడ కొసన మెడ వంచి నేలను చూస్తూ పూసింది. ఇంకోటి తెల్లటిది, కొంగలు బారు కట్టినట్టు. దాన్ని హేమ్లి తన కూతురు తీజ్ పండుగకు గోధుమ నారు పోసిన బుట్టలో మట్టితో సహా తెచ్చింది. అప్పటికి సంగతి అన్ని గూడేలకూ పాకింది. జ్వరానికి వచ్చినవాళ్ళు ఒక చంకలో బిడ్డను, ఇంకో చేతిలో మొక్క అంటుకున్న కొమ్మను పట్టుకొచ్చేవాళ్ళు. ప్రతిదాని ముందూ నిలబడి సిస్టరమ్మ అదే మాట అనేది, ఇది పూసేదాకా ఉంటా.

ఆ వానల్లోనే ఆమెకు కొత్తగూడెం బస్సు మీద పెద్ద పార్సిలు ఒకటొచ్చింది. గోనెతో కుట్టి ఉంది. మా ఆయనా బసవపున్నయ్యా కలిసి మోసి లోపల పెట్టారు. ఏందని అడిగితే "మందులు" అంది.

కార్తీకం వెళ్ళాక అడవి నోరు మూసుకుంది. ఏ చెట్టు మీదా మొగ్గ లేదు. కేరళ నుంచి ఆమెకు ఉత్తరాలు వస్తున్నాయి. చదివి మడిచి పక్కన పెడుతుంది, ఏమీ చెప్పదు. నేను రోజూ ఇప్పచెట్టు కింద నిలబడి ఆకు ఆకూ వెతికేదాన్ని. "రవ్వంత డీఏపీ నీళ్ళలో కలిపి..." అని మా ఆయన వెనక నుంచి అనేవాడు. "చెయ్యి విరగ్గొడతా" అనేదాన్ని. మిరపకోతలు మొదలైనా నాకు కళ్ళం మీద మనసు లేదు, అన్నం సయించదు. నీకెందుకే అంత బాధ అని మా ఆయన అడిగితే చెప్పాను. సాయంత్రం దవాఖానా వసారాలో ఆమె ఛాయ్ తాగుతూ, మందు మింగనివాళ్ళను తండా భాషలో తిట్టే తిట్లు వినకపోతే నాకు పొద్దు గూకదు. అక్కకూ చెల్లికీ దూరంగా ఈ అడవికొచ్చి పడ్డ నాకు ఆమె తోబుట్టువులాంటిది. అంతే, దాచేదేముంది.

మళ్ళీ ఇప్పపువ్వు రాలే రోజులొచ్చాయి. ఒకరోజు హేమ్లి రొప్పుతూ వచ్చింది. "దొరికింది అక్కా. గోదారి అవుతలకెళ్ళి మా మరిది తెచ్చిండు. గిసొంటిది మనం సూడనే లేదు. ఇంతింత మొగ్గలున్నయ్."

ఆకులు పెద్దవి, పొడుగ్గా, ముదురు పచ్చగా ఉన్నాయి. ఇది కొత్తదేనని నాకూ అనిపించింది. సిస్టరమ్మకు చూపిస్తే ఎప్పటిలాగే తలూపింది. ఆ మొగ్గల కోసం నేను చేసిన పూజ రాముడికి కూడా చెయ్యలేదు. విచ్చిన రోజున అందరం చెట్టు కింద చేరాం.

బూడిద రంగు. గోధుమ గళ్ళు. నీలం నాలుక.

హేమ్లి దాన్ని తన భాషలో ఏదో అంది. అర్థం అడగలేదు. సిస్టరమ్మ వంగి వాసన చూసి, "ఇది పోయినేడు సూసిందే గద" అంది.

నాకిక ఆగలేదు. "అవును, చూసిందే. అయిపోయాయి సిస్టరమ్మా. అడవంతా తిరిగాం, ఇంక కొత్తవి లేవు. నిన్ను ఆపడానికి మా దగ్గర ఇంకేమీ లేదు. పోతే పో, రేపే పో" అన్నాను. అంటూనే కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సిస్టరమ్మ నన్ను చెయ్యి పట్టి మెట్టు మీద కూర్చోబెట్టింది. "యాడికి పోవాలె?"

"దుబాయికి."

"దుబాయి వద్దని ఎప్పుడో రాసిన గద మా అన్నలకు."

"ఎప్పుడు?"

"పెద్దయ్య నా మొక్కకు ఏమేం పెట్టిండో సెప్పిండు సూడు, ఆ నాడే." మా ఆయన వైపు చూసింది. ఆయన తలగుడ్డ సర్దుకున్నాడు. "పెండ్లింట్ల మావోళ్ళందరు నేనెంత దూరం పోవాల్నో మాట్లాడిండ్రు భారతమ్మా. నువ్వు తిన్నవా అని ఒక్కరు అడగలే. ఈడ నా మొక్కకు గొడుగు పట్టిండ్రు. నేను ఇంకెక్కడికి పోత?"

తన గది తలుపు తోసి మంచం కింద చూపించింది. మేం మందులనుకుని మోసిన గోనె విప్పి ఉంది. లోపల ఆమె ట్రంకుపెట్టె.

"నీ దుంప తెగ, ఏడాదంతా నా ప్రాణం తీశావు కదే" అన్నాను. ఆమెతో 'కదే' అనేంత చనువు తీసుకోవడం అదే మొదటిసారి. "ఉంటానని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"సెప్తే మీరు పూలు తెచ్చుడు బంద్ జేస్తరు గద" అంది సిస్టరమ్మ.

తిడదామని నోరు తెరిచేలోగా హేమ్లి తల మీది గుడ్డ సర్దుకుని లేచింది.

"పా అక్కా" అంది. "గోదారి అవుతల ఇంకో రకమున్నదంట. అచ్చం సిస్టరమ్మ దాని లెక్కనే ఉంటదంట."